శనివారం లెక్క



బిల్డింగ్ సైటులో శనివారం వచ్చిందని క్యాలెండరు చూసి తెలుసుకోనక్కర్లేదు. మధ్యాహ్నం మూడు దాటిందంటే, మిక్సర్ ఇంకా తిరుగుతూండగానే కూలీల చూపులు ఆఫీసు షెడ్డు వైపు మళ్ళుతాయి. ఆ షెడ్డులో, బిల్లింగ్ సెక్షన్ అని రాసిన తలుపు వెనక, 27 ఏళ్లు కూర్చున్నవాణ్ణి నేను. సబ్ కాంట్రాక్టర్ తెచ్చిన బిల్లును ఎం.బుక్కుతో, అంటే కొలతల పుస్తకంతో, పోల్చి, కొట్టెయ్యాల్సింది ఎర్ర సిరాతో కొట్టేసి, మిగిలింది హెడ్డాఫీసుకు పంపడం నా ఉద్యోగం. ఇవాళ నేను మాట్లాడబోయే తగాదాలో నేనూ ఒక పక్షం మనిషినే. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక సెంట్రింగ్ మేస్త్రి ఉండేవాడు. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు, తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడేవాడు. ఒక శనివారం, బిల్లు ఇంకా పాస్ కాలేదనీ, అగ్రిమెంటు ప్రకారం మాకు ఇంకా 12 రోజుల టైముందనీ నేను వివరంగా చెప్పాను. ఆయన అంతా విని, "బాబూ, మీ కాయితంలో ఏటి రాసుకున్నారో నాకు తెల్దు. కుర్రోళ్ళు బయట నిల్సున్నారు" అన్నాడు. కిటికీలోంచి చూస్తే నిజంగానే నిలబడి ఉన్నారు, 40 మంది. స్నానాలు చేసి, తలలు దువ్వుకుని, సంతకు వెళ్ళడానికి సంచులు పట్టుకుని.

ప్రధాన కాంట్రాక్టరుకూ సబ్ కాంట్రాక్టరుకూ మధ్య డబ్బు తగాదా అనగానే కోర్టు, లాయరు, ఆర్బిట్రేషను గుర్తొస్తాయి. చాలా తగాదాలు అంతదాకా పోవు. ఇదిగో, ఇలా కిటికీ దగ్గరే మొదలై, కిటికీ దగ్గరే ముగిసిపోతాయి.

వరస ఎలా ఉంటుందో తెలియని శ్రోతల కోసం రెండు ముక్కలు చెబుతాను. కట్టించుకునేవారు, అది ప్రభుత్వ శాఖ కావచ్చు, అపార్ట్‌మెంట్లు అమ్ముకునే బిల్డర్ కావచ్చు, ప్రధాన కాంట్రాక్టరుకు పని ఇస్తారు. ఆయన సెంట్రింగు ఒకరికి, కడ్డీ పని ఒకరికి, తాపీ పని ఒకరికి, కరెంటూ ప్లంబింగూ రంగులూ తలా ఒకరికి పంచుతాడు. వీళ్ళే సబ్ కాంట్రాక్టర్లు. కాలువ పనుల మీదైతే పీస్ వర్కర్లంటారు. వాళ్ళ కింద గుంపు మేస్త్రులు, వాళ్ళ కింద కూలీలు. పాలమూరు లేబర్ అన్న మాట వినని తెలుగువాళ్ళు తక్కువ. మహబూబ్‌నగర్ పల్లెల్లో ముందుగా అడ్వాన్సు చేతిలో పెట్టి, గుంపు కట్టుకుని, దేశంలో ఎక్కడెక్కడి ఆనకట్టలకో తీసుకుపోయింది ఈ గుంపు మేస్త్రులే. ఇప్పుడు హైదరాబాదు సైట్లలో బీహారు, ఒడిశా, జార్ఖండ్, బెంగాలు గుంపులు ఎక్కువయ్యాయి. శనివారం ఇచ్చే డబ్బుకు ఖర్చీ అని పేరొచ్చింది. పేరు మారినా పై నుంచి కింద దాకా ఉన్న మెట్లు ఒక్కటీ తగ్గలేదు.

ఇక్కడొక లెక్క చెబుతాను, కాగితం కలం అక్కర్లేదు. 40 మంది మనుషులు, సగటున రోజుకు 800 రూపాయలు అనుకుందాం. రోజుకు 32,000. ఆరు రోజుల వారానికి 1,92,000. ఇది మేస్త్రి చేతి నుంచి పోవాల్సిన డబ్బు. వచ్చే డబ్బు సంగతేమిటి? నెలంతా చేసిన పనిని నెలాఖరున కొలుస్తాం. వచ్చే నెల ఐదో తారీకుకు బిల్లు పెడతాడు. మేము చూసి, ప్రాజెక్టు మేనేజరు చూసి, హెడ్డాఫీసు చూసేసరికి 20వ తారీకు. సర్టిఫై అయిన 30 రోజులకు చెల్లిస్తామని వర్క్ ఆర్డరులో ఉంటుంది. అంటే మొదటివారం కూలీ ఇచ్చిన రోజు నుంచి ఆ పని డబ్బు చేతికొచ్చేసరికి, ఎవరూ ఏ తప్పూ చెయ్యకపోయినా, రెండున్నర నెలలు. పది వారాల కూలీ అంటే 19,20,000 రూపాయలు. మధ్యలో మేము ఖర్చీ పేరుతో కొంత ఇస్తాం, బిల్లులో పట్టుకుంటాం. మిగతాది ఆయనే తేవాలి. బ్యాంకు ఆయనకు ఇవ్వదు, తాకట్టుకు చూపించడానికేమీ లేదు కాబట్టి. ఊళ్ళో నూటికి రెండు రూపాయలో మూడు రూపాయలో వడ్డీకి తెస్తాడు. పది లక్షలు తెచ్చినా రెండు రూపాయల వడ్డీ చొప్పున నెలకు 20,000. ఆ వడ్డీ ఏ రేట్ ఎనాలిసిస్‌లోనూ రాయం. పెద్ద కంపెనీ కట్టే పెద్ద భవనానికి అప్పు పెడుతున్నది టెక్కలి దగ్గరో, అచ్చంపేట దగ్గరో ఒక వడ్డీ వ్యాపారి. ఇది నాకు ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు.

సరే, ఆలస్యం ఒక జబ్బు. కోత ఇంకో జబ్బు. కోత ఎక్కడ పడుతుందో చెబుతాను, ఎందుకంటే ఇది నా చేతి పని.

ప్లాస్టరింగ్ తీసుకోండి. గోడకు రెండు వైపులా పూస్తారు. మధ్యలో కిటికీ ఉంటుంది. ఆ కిటికీ ఖాళీని కొలతలోంచి తియ్యాలా వద్దా? మేస్త్రి వద్దంటాడు. కిటికీ చుట్టూ గోడ మందం పూసేది నేనే కదా, అంచులు తీర్చడానికి ఎంత పని పడుతుందో మీకేం తెలుసు అంటాడు. నాలాంటి బిల్లింగ్ ఇంజనీరు రెండు వైపులా తీసేస్తాడు, పూత లేని చోటికి డబ్బేమిటని. దీనికి భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 1200 అనే కొలతల ప్రమాణంలో ఎప్పుడో జవాబు రాసి పెట్టింది. ఖాళీ అర చదరపు మీటరు దాటకపోతే అసలు తియ్యొద్దు. అర నుంచి మూడు చదరపు మీటర్ల దాకా అయితే, రెండు వైపులా ఒకే పూత ఉన్నప్పుడు, ఒక వైపే తియ్యాలి. చుట్టూ మందానికి విడిగా ఇవ్వనక్కర్లేదు, రెండో వైపు వదిలెయ్యడంలోనే అది సరిపోయింది. మూడు చదరపు మీటర్లు దాటితే రెండు వైపులా తీసి, మందాన్ని విడిగా కొలవాలి. ఎంత చక్కటి రాజీయో చూడండి. ఎవరో పెద్దమనిషి మేస్త్రి పక్కనా ఇంజనీరు పక్కనా కూర్చుని విని రాసినట్టుంటుంది.

ఇప్పుడు 200 కిటికీల బిల్డింగు అనుకోండి. ఒక్కొక్కటి 1.2 మీటర్లు వెడల్పు, 1.5 మీటర్లు ఎత్తు. 1.8 చదరపు మీటర్లు. ఒక వైపు తీస్తే 360 చదరపు మీటర్లు పోతాయి, రెండు వైపులా తీస్తే 720. ఆ తేడా 360 చదరపు మీటర్లంటే సుమారు 3,875 చదరపు అడుగులు. అడుగుకు 20 రూపాయల లేబర్ రేటు వేసుకున్నా 77,500. వర్క్ ఆర్డరులో "కొలతలు ఐఎస్ 1200 ప్రకారం" అన్న నాలుగు ముక్కలుంటే ఈ తగాదా పుట్టదు. చాలా వర్క్ ఆర్డర్లలో ఉండేది "యాక్చువల్ ప్రకారం" అని. యాక్చువల్ అంటే ఎవరి యాక్చువల్? పెన్ను ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది. 27 ఏళ్లలో ఎక్కువ రోజులు పెన్ను నా చేతిలోనే ఉంది.

కడ్డీ సంగతి ఇంకా సున్నితం. స్టీలు కంపెనీ ఇస్తుంది, వంచి కట్టేది మేస్త్రి. పని అయ్యాక లెక్క సరిచూస్తాం. వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి, 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. పదో తరగతి చదవని కడ్డీ మేస్త్రి కూడా ఈ లెక్క నోటితో చేస్తాడు. 16 ఎంఎం కడ్డీ మీటరుకు కిలోన్నర పైన, 1.58. అయితే లారీలో వచ్చే కడ్డీ సరిగ్గా అంతే తూగాలని లేదు. ఆ సైజు కడ్డీకి బరువులో 5 శాతం దాకా అటూ ఇటూ ప్రమాణమే ఒప్పుకుంటుంది. కడ్డీ 3 శాతం బరువెక్కువ వచ్చిందనుకోండి. కాటా మీద 100 టన్నులు దిగుతుంది, డ్రాయింగు లెక్కలో 97 టన్నులే తేలుతుంది. మిగతా మూడు టన్నులూ ఏవి? ముక్కల కింద కొంత వదిలేసి, మిగిలింది మేస్త్రి పేరున డెబిట్ నోటు రాస్తాం. ఆయన ఒక్క కడ్డీ దాచుకుని ఉండడు. అలా అని అమ్ముకున్నవాళ్ళు అసలు లేరనీ చెప్పను. చీకటి పడ్డాక గేటు దాటిన ఆటోలు నేనూ చూశాను. నిజంగా పోయిందెంతో, కాగితం మీద పోయిందెంతో విడదియ్యాలంటే లారీ వచ్చిన రోజే నాలుగు కడ్డీలు మీటరు చొప్పున తూచి రాసుకోవాలి. ఆ పని అరగంటది. ఆ అరగంట ఎవరికీ దొరకదు.

మూడోది రిటెన్షన్. ప్రతి బిల్లులోనూ 5 శాతం, కొన్నిచోట్ల 10 శాతం పట్టి ఉంచుతారు. పనిలో లోపాలుంటే బాగుచేయించుకోవడానికి అది హామీ. పని పూర్తయ్యాక సగం, ఏడాది పోయాక సగం ఇస్తామంటారు. ఆలోచన మంచిదే. చిక్కల్లా లేబర్ కాంట్రాక్టులో మిగిలేదే 8 శాతమో 10 శాతమో అయినప్పుడు, రిటెన్షన్ అంటే ఆయన లాభం సగానికి పైగా, ఒక్కోసారి మొత్తం, మా దగ్గరే ఉండిపోవడం. ఏడాది తర్వాత ఆయన వచ్చేసరికి ఆ సైటు మూసేసి ఉంటాం. ప్రాజెక్టు మేనేజరు ఇంకో కంపెనీలో ఉంటాడు. "ఫైలు హెడ్డాఫీసులో ఉంది మేస్త్రీ" అంటాం. హెడ్డాఫీసులో గేటు దగ్గరే ఆపేస్తారు. నాకు తెలిసిన మేస్త్రులు రిటెన్షన్ డబ్బును ఇంట్లో చెప్పరు. వస్తే పండగ ఖర్చుకు, రాకపోతే కాశీకి పోయిందనుకుంటారు.

ఇంత చెప్పాక, మేస్త్రి చేతిలో అసలు బలమే లేదనుకుంటారు. ఉంది, ఒక్క రోజు. శ్లాబుకు ముందు రోజు. రెడీమిక్స్ బండ్లు చెప్పేసి ఉంటాయి, పంపు వచ్చి నిలబడి ఉంటుంది, యజమాని ఇంజనీరు చెకింగ్‌కు వస్తున్నాడు. ఆ సాయంత్రం మేస్త్రి మనుషుల్ని కూర్చోబెడితే కంపెనీ ఎండీ కూడా ఫోనెత్తుతాడు. పాత బాకీలన్నీ ఆ రాత్రి కదులుతాయి. తెల్లారి కాంక్రీటు పడిందా, బలం మళ్ళీ మా వైపు వచ్చేస్తుంది. ఎందుకంటే ఈ వ్యాపారంలో సరుకు వెనక్కి తీసుకుపోలేరు. టీవీకి కిస్తీ కట్టకపోతే షాపువాడు వచ్చి టీవీ పట్టుకుపోతాడు. శ్లాబును ఎవడు పట్టుకుపోతాడు?

అమెరికాలో దీనికి ఒక విరుగుడు కనిపెట్టారు. పని చేసినవాడికి, సామాను ఇచ్చినవాడికి డబ్బు రాకపోతే, ఆ కట్టడం మీదే హక్కు నమోదు చేయించవచ్చు. లీన్ అంటారు. కొత్త రాజధాని వాషింగ్టన్ కట్టడానికి పనివాళ్ళు ధైర్యంగా ముందుకు రావాలని మేరీలాండ్ రాష్ట్రం 1791లోనే అలాంటి చట్టం చేసింది. ప్రభుత్వ భవనాల మీద ఆ హక్కు చెల్లదు కాబట్టి, 1935లో మిల్లర్ చట్టం తెచ్చి, ప్రధాన కాంట్రాక్టరు ముందుగానే చెల్లింపుకు బాండు ఇవ్వాలన్నారు. మన దగ్గర ఇల్లు కట్టిన మేస్త్రికి ఆ ఇంటి మీద అలాంటి హక్కేమీ లేదు. యజమానిని అడిగితే, నీకూ నాకూ కాగితం లేదు, నీ కాంట్రాక్టరును అడుగు అంటాడు. చట్టప్రకారం ఆ మాట చాలావరకు సరైనదే.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద చిక్కు దగ్గరికి వద్దాం. వర్క్ ఆర్డరు చివరి పేజీల్లో, అక్షరాలు చిన్నవయ్యే చోట, ఒక వాక్యం ఉంటుంది. యజమాని నుంచి మాకు చెల్లింపు అందిన తరువాతనే మీకు చెల్లింపు. బ్యాక్ టు బ్యాక్ అంటారు దీన్ని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. మాకొస్తే మీకిస్తాం, ఇందులో మోసమేముంది? ఉన్నది ఏమిటంటే, యజమాని ఎలాంటివాడో చూసుకుని, బేరమాడి, కాంట్రాక్టు కుదుర్చుకున్నది కంపెనీ. ఆ యజమాని మొహం కూడా చూడని మేస్త్రి నెత్తిన, ఆయన డబ్బిస్తాడా ఇవ్వడా అన్న జూదం పెడుతున్నారు. పైగా బిల్లు వచ్చిందో లేదో మేస్త్రికి ఎలా తెలుస్తుంది? మేము చెబితేనే తెలుస్తుంది. మేము ఎప్పుడూ రాలేదనే చెప్పాం.

ఇంగ్లండులో ఈ వాక్యం మీద పెద్ద చర్చే జరిగింది. సర్ మైకేల్ లాథమ్ అనే ఆయన 1994లో నిర్మాణ పరిశ్రమ మీద ఒక నివేదిక ఇచ్చాడు. దాని వెనకే 1996లో చట్టం వచ్చింది, 1998 మే 1 నుంచి అమలైంది. పైవాడు దివాలా తీస్తే తప్ప "నాకొస్తే నీకిస్తా" అన్న షరతు చెల్లదని అందులో రాశారు. దాంతోపాటు ఇంకో ఏర్పాటు చేశారు, నాకు అదే ఎక్కువ నచ్చింది. తగాదా వస్తే ఏ పక్షమైనా, ఎప్పుడైనా ఒక మధ్యవర్తి దగ్గరికి పోవచ్చు. ఆయన మామూలుగా 28 రోజుల్లో తేల్చాలి. ఆయన చెప్పింది ముందు కట్టెయ్యాలి, నచ్చకపోతే ఆ తర్వాత తీరిగ్గా కోర్టులో వాదించుకోవచ్చు. అంటే వాదన సాగినన్నాళ్ళూ డబ్బు పని చేసినవాడి దగ్గర ఉంటుంది. మన దగ్గర వాదన సాగినన్నాళ్ళూ డబ్బు పని చేయించుకున్నవాడి దగ్గర ఉంటుంది. సింగపూరు 2004లో ఇలాంటి చట్టమే చేసింది, మలేషియా 2012లో చేసింది. మన దేశంలో నిర్మాణ రంగానికి ప్రత్యేకంగా ఇలాంటిది లేదు. బ్యాక్ టు బ్యాక్ షరతును నేరుగా నిషేధించిన కేంద్ర చట్టమూ లేదు.

చట్టం ఉన్నంతమాత్రాన అంతా బాగుందనీ అనుకోవద్దు. అదే ఇంగ్లండులో కారిలియన్ అనే పెద్ద నిర్మాణ కంపెనీ 2018 జనవరిలో కుప్పకూలింది. అది సబ్ కాంట్రాక్టర్లకు పెట్టిన గడువు 120 రోజులు. ఇంకా ముందు కావాలంటే కొంత కోత ఒప్పుకుని తీసుకోవాలి. పడిపోయేనాటికి దానికి సరుకులూ సేవలూ ఇచ్చినవాళ్ళు 30,000 మంది దాకా, వాళ్ళకు బాకీ సుమారు 200 కోట్ల పౌండ్లని పార్లమెంటు కమిటీలు తేల్చాయి. 120 రోజులంటే, నాలుగు నెలల పాటు చిన్నవాళ్ళ డబ్బుతో పెద్ద కంపెనీ నడిచిందన్నమాట.

మనవాళ్ళకు ఈ గొలుసు దెబ్బ గల్ఫ్‌లో బాగా తెలిసొచ్చింది. 2014 తర్వాత చమురు ధర పడింది. సౌదీ ప్రభుత్వం కాంట్రాక్టర్లకు చెల్లింపులు ఆలస్యం చేసింది. 2016లో సౌదీ ఓజర్ అనే మహా కంపెనీలో వేలమంది భారతీయులు నెలల తరబడి జీతాలు లేక జెడ్డా క్యాంపుల్లో చిక్కుకుపోతే, మన కాన్సులేటు తిండి పంపించాల్సి వచ్చింది. రియాదులో ఒక ఫైలు ఆగితే కార్మికుల క్యాంపులో పొయ్యి ఆగింది.

ఇక్కడ మా పక్షం మాట కూడా చెప్పాలి. ప్రధాన కాంట్రాక్టరు అంటే ప్రతిసారీ డబ్బు కట్టల మీద కూర్చున్న మనిషి కాదు. ప్రభుత్వ పనులు చేసి, బిల్లులు ఏళ్లతరబడి రాక, హైకోర్టులో రిట్లు వేసుకున్న కాంట్రాక్టర్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ఆస్తులు తాకట్టు పెట్టి సబ్ కాంట్రాక్టర్లకు ఇచ్చిన మంచివాళ్ళనూ చూశాను. రెండో వైపు, అడ్వాన్సు తీసుకుని గుంపుతో సహా రాత్రికి రాత్రి పక్క జిల్లా సైటుకు పోయిన మేస్త్రులూ ఉన్నారు. తేనెపట్టులా గుల్లబారిన పిల్లరు కట్టి, దానికి పైన సిమెంటు పూసి దాచినవాళ్ళూ ఉన్నారు. ఆ పిల్లరు కొట్టి మళ్ళీ పోయించిన ఖర్చు వాళ్ళ బిల్లులో కొయ్యడం అన్యాయం కాదు. కోత చెయ్యడం తప్పని నేననను. తప్పు జరిగిన రోజు నోరెత్తకుండా, బిల్లు రోజున పాతవన్నీ తవ్వి తియ్యడమే నాకు మింగుడు పడనిది. అదీ నేను చేశాను.

మన చట్టాల్లో సబ్ కాంట్రాక్టరుకు పనికొచ్చేవి అసలు లేకపోలేదు. అవి ఒకచోట లేవు, అదే బాధ. కూలీల జీతం వరకు రక్షణ గట్టిది. కాంట్రాక్టరు ఇవ్వకపోతే ప్రధాన యాజమాన్యమే ఇవ్వాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే ఉండేది, దాని స్థానంలో వచ్చిన 2020 నాటి కార్మిక కోడ్‌లోనూ పెట్టారు. మేస్త్రికి రావాల్సిన బిల్లుకు మాత్రం ఇది వర్తించదు. ఆయనకు దగ్గరగా వచ్చేది 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం. సూక్ష్మ, చిన్న సంస్థగా ఉద్యం నమోదు ఉంటే, ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు, ఏమీ రాసుకోకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. పని మీద అభ్యంతరం ఉంటే 15 రోజుల్లో రాతలో చెప్పాలి, చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. నేను చేసిన పాత తవ్వకాలకు ఇది సరైన మందు. రాష్ట్రంలో ఉన్న ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో కేసు పెట్టుకోవచ్చు. అక్కడ ఓడిన కొనుగోలుదారు పై కోర్టుకు పోవాలంటే 75 శాతం ముందు జమ చెయ్యాలి. అయితే సామానూ పనీ కలిసిన వర్క్స్ కాంట్రాక్టులకు ఈ చట్టం వర్తిస్తుందా లేదా అన్న దగ్గర హైకోర్టులు ఒకే మాట మీద లేవు. పని మొదలయ్యాక ఉద్యం నమోదు చేయించుకుంటే పాత పనికి లాభం ఉంటుందా అన్నదాని మీద సుప్రీంకోర్టు దాకా వాదనలు నడిచాయి. కాబట్టి మేస్త్రులు వింటూంటే ఒక్క మాట. నమోదు ఉచితం, పని ఒప్పుకునే ముందే చేయించుకోండి.

పన్నుల చట్టాల్లో రెండు కిటుకులున్నాయి, ఇవి పనిచేయడం కళ్లారా చూశాను. జీఎస్టీ ఉన్న సబ్ కాంట్రాక్టరు బిల్లు ఇస్తే, డబ్బు రాకపోయినా పన్ను ముందు కట్టెయ్యాల్సి వస్తుంది. పది లక్షల పనికి 18 శాతం అంటే 1,80,000. రాని డబ్బుకు పన్నేమిటని ఏడవని మేస్త్రి లేడు. అదే చట్టంలో రెండో అంచు ఉంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో ఆ డబ్బు చెల్లించకపోతే, కంపెనీ తీసుకున్న పన్ను క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. ఇక ఆదాయపు పన్నులో, 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, సూక్ష్మ, చిన్న సంస్థలకు ఆ 15, 45 రోజుల గడువులోపు చెల్లించని బాకీని ఆ ఏడాది ఖర్చు కింద చూపించుకోనివ్వడం లేదు. నిజంగా చెల్లించిన ఏడాదే చూపించుకోవాలి. న్యాయం గురించి ఎన్నిసార్లు చెప్పినా కదలని మా అకౌంట్స్ విభాగం, మార్చి నెలలో ఆడిటరు ఈ రెండు మాటలూ చెప్పగానే పాత ఫైళ్ళు దులిపింది.

గడువుల్లో ముఖ్యమైనది ఇంకోటి. మామూలుగా డబ్బు దావాకు మూడేళ్లు. "ఇస్తాం మేస్త్రీ, వచ్చే దసరాకి" అని నోటితో మూడు దసరాలు తిప్పితే ఆ మూడేళ్లూ అయిపోతాయి. బాకీ ఉందని రాసి సంతకం పెట్టిన కాగితం గడువులోపల చేతికొస్తే లెక్క కొత్తగా మొదలవుతుంది. అందుకే మేము మాటలు చెప్పేవాళ్ళం, కాగితాలు ఇచ్చేవాళ్ళం కాదు. కాగితం తీసుకునేది ఒక్కచోటే. ఫుల్ అండ్ ఫైనల్. మొత్తం లెక్క ముట్టింది, ఇక ఏ బాకీ లేదు అని సంతకం పెడితేనే చివరి చెక్కు ఇస్తామనేవాళ్ళం. ఆరు లక్షలు రావాల్సినవాడు రెండు లక్షల చెక్కు కోసం ఆ కాగితం మీద సంతకం చేసేవాడు. అలా ఒత్తిడి మీద తీసుకున్న రసీదు తలుపులు మూసెయ్యదని, నిజంగా బలవంతం జరిగిందా అన్నది విచారించవచ్చని సుప్రీంకోర్టు 2008లో బోఘారా పాలీఫ్యాబ్ కేసులో చెప్పింది. అది ఒక ఇన్సూరెన్సు తగాదా, కానీ కాంట్రాక్టర్లకు బాగా ఉపయోగపడింది. బలవంతం జరిగిందని చూపించాలంటే మళ్ళీ ఏదో ఒక ఆధారం కావాలి. కనీసం మర్నాడు రాసిన ఒక ఉత్తరమైనా.

శ్రీకాకుళం మేస్త్రి సంగతి చెప్పి ముగిస్తాను.

ఆ బిల్డింగులో లిఫ్టు గుంత చుట్టూ నీరు ఊరుతోందని, డ్రాయింగులో లేని ఒక గోడ కట్టించారు. సైటు ఇంజనీరు నోటితో చెప్పాడు, మేస్త్రి మర్నాడే మొదలుపెట్టాడు. రెండు వైపులా కలిపి 38 చదరపు మీటర్ల సెంట్రింగు. కాంక్రీటు రాత్రిపూట పోశారు, వాన పడుతోంది, టార్పాలిన్లు పట్టుకుని నిలబడ్డారు. ఆ రాత్రి డ్యూటీ నాదే. గొడుగు కింద నిలబడి చూశాను. పది రోజుల తర్వాత గోడ బయటి వైపంతా మట్టి పోసి కప్పేశాం.

మూడు నెలలకు అది బిల్లులో వచ్చింది. డ్రాయింగులో లేదు. రాతలో ఆర్డరు లేదు. ఆ ఇంజనీరు అప్పటికే మానేసి వెళ్ళిపోయాడు. కొలుద్దామంటే మట్టి కింద ఉంది. ఎర్ర సిరాతో కొట్టేశాను. మేస్త్రి ఏమీ అనలేదు. సంచిలోంచి ఒక పొడుగాటి నోటుబుక్కు తీశాడు. వాళ్ళమ్మాయి రాసిపెట్టేదట, గుండ్రటి అక్షరాలు. ఆ తేదీ పేజీ తిప్పి నా ముందు పెట్టాడు. లిఫ్టు గోడ, 38 మీటర్లు, రాత్రి పని, వాన, 14 మంది. ఆ పేజీ అడుగున స్కేలుతో ఒక గీత గీసి, గీత కింద "ఇంజినీరు గారి సంతకం" అని రాసి, చోటు వదిలి ఉంది. పేజీలు వెనక్కి తిప్పాను. ప్రతి పేజీ అడుగునా ఆ గీతే ఉంది. ఏ గీత మీదా ఎవరి సంతకమూ లేదు. ఆ నోటుబుక్కు రోజూ సాయంత్రం నా బల్ల దాకా వచ్చేది. "రేపు చూద్దాంలే మేస్త్రీ" అనేవాణ్ణి.